పాత గోడల మరమ్మతు – కోఠీ రెసిడెన్సీ భవనము నేర్పిన పాఠము

శతవార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపవలెనని సంపాదకవర్గమువారు సిద్దిపేట సంఘస్థులమైన మమ్మును కోరినప్పుడు, మిషనరీ దొరలను గూర్చి వ్రాయవలెనా, తొలితరపు బోధకులను గూర్చి వ్రాయవలెనా అని కొంతకాలము తర్జనభర్జన పడితిమి. ఆ సంగతులు మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు ఈ సంచికలో వ్రాయుచున్నారు. కనుక మేము మనుష్యులను విడిచి గోడలను గూర్చి వ్రాయ నిశ్చయించుకొంటిమి. దీనికొక కారణము కలదు.

మా ప్రాంగణములో ఒక పాత బంగళా కలదు. ముందు వరండా, వరండాకు లావుపాటి స్తంభములు, రెండు మూరల మందము గల గోడలు, ఎత్తయిన తలుపులు. ఒకప్పుడు అందులో దొరలు కాపురముండిరి. తరువాత బోధకులుండిరి. కొంతకాలము ఆదివారపు బడి అక్కడనే జరిగినది. మాలో పలువురము ఆ వరండాలోనే పలక పట్టినవారము. ఇప్పుడు దాని బయటి గోడలు చూచిన కడుపు తరుగుకొనిపోవును. పడమటి గోడకు పూత పొరలు పొరలుగా ఊడిపడుచున్నది. చూరు క్రింద రావిమొక్కలు మొలిచినవి. స్తంభముల అడుగున ఇటుక పిండియై రాలుచున్నది.

దీనిని ఏమి చేయవలెనని సంఘపు కమిటీలో మూడు అభిప్రాయములు వచ్చినవి. పడగొట్టి ఆ స్థలములో కళ్యాణమండపము కట్టుదమని కొందరు యువకులు. సిమెంటు పూసి రంగు వేసిన పదియేండ్లు నిలుచునని మరికొందరు. ఉన్నదానిని ఉన్నట్లే బాగుచేయుదమని ముసలివారము. మాట పెరిగినది. చివరకు అయ్యగారు, "పోట్లాడుటకు ముందు ఇటువంటి పని మరియొకచోట ఎవరైన చేసినారేమో వెళ్లి చూచి రండి" అని మాలో అయిదుగురిని పంపిరి. అట్లు మేము కోఠీకి వెళ్లితిమి. చూచినదియు, చదివి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాము.

మా తప్పు ముందుగా

ఇతరుల భవనమును గూర్చి చెప్పుటకు ముందు మేము చేసిన పొరపాటును ఒప్పుకొనుట న్యాయము. 2011లో సంఘస్థులు కోతకాలపు కానుకలలో నుండి మిగిల్చిన సొమ్ముతో ఆ పడమటి గోడకు మేమే సిమెంటు పూయించితిమి. పాత సున్నపు పూతను గునపములతో చెక్కించి, మంచి గట్టి సిమెంటు కలిపి, అరంగుళము మందమున పట్టించితిమి. పైన నిగనిగలాడు రంగు వేయించితిమి. ఆ క్రిస్మసునకు బంగళా పెండ్లికొడుకువలె ఉన్నదని అందరును మెచ్చుకొనిరి.

మూడు వానకాలములు గడిచినవి. గోడ నడుమ ఉబ్బు కనిపించినది. వ్రేలితో తట్టిన బోలు శబ్దము వచ్చెడిది. నాలుగవ యేట ఒక రాత్రి తలుపంత పెచ్చు ఊడి వరండాలో పడినది. అదృష్టవశాత్తు ఎవరును అక్కడ లేరు. పెచ్చుతోపాటు లోపలి ఇటుక ముఖము కూడ ఊడివచ్చినది. ఇటుకపై తెల్లని ఉప్పు, పిండి చల్లినట్లు పేరుకొనియున్నది. సున్నపు పూతతో నూరేండ్లు నిలిచిన ఇటుక మా సిమెంటు క్రింద నాలుగేండ్లలో పాడయినది. ఎందువలన? ఈ ప్రశ్నకు జవాబు మాకు చాలకాలము తెలియలేదు.

కోఠీ అను పేరు ఎట్లు వచ్చినది

సిద్దిపేట నుండి హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లు. జూబిలీ బస్సు స్టేషనులో దిగి సిటీ బస్సు ఎక్కి కోఠీలో దిగువారము వేలమంది ఉందుము. పుస్తకములకో, బట్టలకో, ఆసుపత్రికో పోవుచుందుము. అయితే కోఠీ అనగా 'పెద్ద భవనము' అని అర్థమనియు, ఆ పేరు పుట్టించిన భవనము ఆ ప్రహరీ వెనుకనే ఉన్నదనియు ఎందరము తలచితిమి?

మాతో వచ్చిన వారిలో మా సంఘపు విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు. మేమందరము ఆమెను అక్కయ్యగారని పిలుతుము. ఆమె కోఠీ మహిళా కళాశాలలో చదివిన మనిషి. గేటు దాటి ఆ స్తంభములు కంటబడగానే ఆమె నిలిచిపోయిరి. "ఈ మెట్లమీద కూర్చుండి పరీక్షలకు చదివితిమి. ఊరినుండి వచ్చిన మొదటి దినమున ఇది కాలేజీయా, రాజుగారి ఇల్లా అని భయపడితిని" అనిరి.

భయపడదగిన భవనమే. మూసీ నదికి ఉత్తరపు గట్టున, అరువది ఎకరముల తోటలో, హైదరాబాదులోని ఆంగ్లేయ రెసిడెంటు నివాసముగా ఇది లేచినది. ఈస్టిండియా కంపెనీ తరపున నిజాము దర్బారులో ఉండు ప్రతినిధికి రెసిడెంటు అని పేరు. 1798 నుండి 1805 వరకు ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ దీనిని తలపెట్టెను. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్ నమూనా గీసెను. 1803 ప్రాంతమున పని ఆరంభమయినది.

స్థలము సంపాదించుటను గూర్చి ఒక కథ చెప్పుకొందురు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితముపై చక్కని పటము గీయించి నిజాము ఎదుట పరపించెనట. నిజాము దానిని చూచి స్థలమిచ్చుటకు నిరాకరించెనట. కాగితము అంత పెద్దదిగా ఉన్నది గనుక అడిగినది ఒక రాజ్యమంత స్థలమని ఆయన అనుకొనెననియు, అదే పటమును చీటీయంత కాగితముపై గీసి తీసికొనిపోగా వెంటనే ఒప్పుకొనెననియు కథ. నిజమెంతో గాని, హైదరాబాదువారు దీనిని చాల కాలముగా నవ్వుచు చెప్పుకొనుచున్నారు.

ముఖద్వారమునకు ఆరు ఎత్తయిన స్తంభములు. వీటిని కొరింథియను శైలి స్తంభములందురు. కొరింథు అనగానే మన సంఘస్థులకు పౌలు పత్రికలు జ్ఞాపకమునకు వచ్చును. ఆ పట్టణము పేరనే ఈ శైలి పిలువబడుచున్నది. స్తంభపు తలమీద ఆకులు చుట్టుకొన్నట్లు చెక్కడము ఉండుటయే దీని గుర్తు. స్తంభముల పైన ముక్కోణపు ముఖభాగములో కంపెనీవారి చిహ్నము, క్రింద విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపుల రెండు సింహములు. అమెరికా అధ్యక్షుని శ్వేతభవనమునకును దీనికిని పోలిక కలదని చూచినవారు చెప్పుదురు. రెండును ఇంచుమించు ఒకే కాలమున, ఒకే యూరపు సంప్రదాయములో కట్టబడినవి.

ఆ ఇంటిలోని మనుష్యులు

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబమునకు చెందిన ఖైరున్నిసా బేగమును వివాహమాడెను. ఆమె కొరకు తోటలో రంగమహలు అను ప్రత్యేక అంతఃపురము కట్టించెను. పరదాలో ఉండు ఆమె పెద్ద భవనము ముందుభాగమును తిరిగి చూడ వీలులేదు గనుక, ఆ భవనము రూపునే బొమ్మయిల్లువలె చిన్నదిగా కట్టించి ఆమె తోటలో పెట్టించెనని చెప్పుదురు. వారి యిద్దరు బిడ్డలు 1805లో ఇంగ్లాండునకు పంపబడిరి. అదే సంవత్సరము అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. తాను కలగన్న భవనము పూర్తియగుట అతడు చూడలేదు. ఖైరున్నిసా 1813లో మరణించెను. రంగమహలును 1860లో పడగొట్టించిరి. ప్రేమతో కట్టినదైనను, దానియందు ఇష్టములేని వారి చేతికి వచ్చినప్పుడు ఎంతసేపు నిలుచును?

ఈ భవనమునకు మన ప్రాంతముతో ఒక నెత్తుటి సంబంధము కూడ కలదు. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాయుద్దీన్ నాయకత్వమున రోహిల్లాలును పట్టణవాసులును ఈ రెసిడెన్సీపై దాడిచేసిరి. ఫిరంగులముందు వారు నిలువలేకపోయిరి. మౌల్వీని అండమానుకు పంపగా అక్కడనే మరణించెను. తుర్రేబాజ్ ఖాన్ చెరనుండి తప్పించుకొని పోయి, 1859 జనవరిలో మన మెదకు సీమలోని తూప్రాను దగ్గర అడవిలో చంపబడెను. అతని శవమును హైదరాబాదునకు తెచ్చి జనులు చూచుటకు వ్రేలాడదీసిరి. నేడు కోఠీలో అతని స్మారకస్తంభము కలదు, అతని పేర ఒక వీధి కలదు.

ఇది చదివిన యువకులు, "అటువంటి పరాయివారి పెత్తనపు ఇంటిని కోట్ల సొమ్ము పెట్టి బాగుచేయుట ఎందుకు?" అని అడుగుదురు. మాతో వచ్చిన ఒక తమ్ముడు అక్కడనే ఆ మాట అడిగెను. అక్కయ్యగారు ఇచ్చిన జవాబు మాకు నచ్చినది. "కట్టినవారు ఎందుకు కట్టినారో అది వారి లెక్క నాయనా. ఇందులో మేమెందుకు చదివినామో అది మా లెక్క. మా నాయన ఎడ్లబండి తోలినవాడు. నేను ఈ మెట్లెక్కి డిగ్రీ తెచ్చుకొంటిని. ఈ ఇల్లు ఇప్పుడు ఎవరిది?" అనిరి.

ఆమె మాటలో చరిత్ర కలదు. 1947తో రెసిడెంటు పదవి ముగిసినది. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల ఈ భవనమునకు వచ్చినది. నాటినుండి తెలంగాణ పల్లెల ఆడపిల్లలు తరతరములుగా ఇక్కడ చదివిరి. 2022లో ఇది మహిళా విశ్వవిద్యాలయమయినది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. తన పొలము కొరకు, తన పంట కొరకు దొరలకు ఎదురు నిలిచిన పాలకుర్తి స్త్రీ పేరు కంపెనీ దొర కట్టించిన ప్రాంగణమునకు వచ్చుట చిన్న సంగతి కాదు.

శిథిలము ఎట్లు వచ్చును

రెండు వందల యేండ్ల భవనము ఒక్క దినమున పాడుకాదు. నీరు మెల్లగా దానిని తినివేయును. మిద్దె సున్నము పగిలి, వాననీరు లోపలి చెక్కదూలములలోనికి ఇంకును. దూలము కుళ్లి వంగిన, దానిపై బరువు గోడమీద ఓరగా పడును. నీటి తూములు ఆకులతో పూడిన, నీరు గోడవెంట కారును. పక్షులు వేసిన రావిగింజ, మర్రిగింజ సందులలో మొలిచి, వేరు గోడను చీల్చును. క్రిందినుండి నేలతేమ ఇటుకలోనికి ఎక్కును. ఆ తేమలో కరగిన ఉప్పు ఎండకు పైకి వచ్చి గట్టిపడి, పూతను లోపలినుండి నెట్టివేయును. దీనినే మనవారు చౌడు పట్టుట అందురు. పైపై మెరుగుల కొరకు వేసిన సిమెంటు అతుకులు ఈ జబ్బును ముదిరించును.

కోఠీ భవనమునకును ఇట్టి జబ్బులే పట్టినవి. 2002లో న్యూయార్కు కేంద్రముగా పనిచేయు వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అను సంస్థ, ప్రపంచములో ప్రమాదస్థితిలో ఉన్న కట్టడముల జాబితాలో దీనిని చేర్చినది. ఆ సంస్థయు, రాష్ట్ర వారసత్వ శాఖయు, విద్యాసంస్థవారును కలిసి విడతలు విడతలుగా పని సాగించిరి. ద్వారములు, శ్మశానము, తరువాత ప్రధాన భవనము. పునరుద్ధరించిన భవనము 2023లో ప్రజలయెదుటికి వచ్చినది. జాబితాలో చేర్చుట మొదలు ఇది జరుగుటకు ఇరువది సంవత్సరములు పైగా పట్టినది. ఈ సంఖ్యను మా కమిటీవారు రెండుసార్లు చదువవలెనని మా మనవి.

సున్నము చేయు పని

ఇప్పుడు మా ప్రశ్నకు జవాబు చెప్పుదుము. కోఠీ భవనము లేచిన కాలమున నేటి సిమెంటు లోకములోనే లేదు. పోర్ట్‌లాండ్ సిమెంటునకు ఇంగ్లాండులో పేటెంటు వచ్చినది 1824లో. దానికి ముందు ఇటువంటి పెద్ద భవనములను సాధారణముగా సున్నముతోనే కట్టెడివారు.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చిన, అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. ఆ కాలిన రాయిపై నీరు పోసిన కుతకుతలాడి మెత్తని సున్నమగును. దానిని ఇసుకతో కలిపి గోడకు పట్టించిన, గాలిలోని అదే వాయువును మరల పీల్చుకొని మెల్లమెల్లగా రాయిగా మారును. అనగా సున్నపు పూత రాయినుండి పుట్టి తిరిగి రాయియగును. ఈ మార్పునకు నెలలు, సంవత్సరములు పట్టును. తొందరపడువారికి సున్నము లొంగదు.

మన పూర్వులు గుండ్రని గానుగ కాలువలో ఎడ్లచేత రాతిచక్రము త్రిప్పించి సున్నమును ఇసుకను నూరించెడివారు. ఇదియే డంగు సున్నము. అందులో కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు, మారేడుగుజ్జు, మినుముల జిగురు, కోడిగ్రుడ్డు సొన మొదలగునవి ఆయా ప్రాంతముల అలవాటును బట్టి కలిపెడివారు. మద్రాసు పద్ధతిలో గుల్లలు కాల్చిన సున్నముతో మూడు పూతలు పూసి, చివరి పూతను నున్నని రాతితో రుద్దిరుద్ది చలువరాయివలె మెరయునట్లు చేసెడివారు. మద్రాసు ఇంజనీర్లకు ఈ విద్య పరిచితమే.

సున్నపు పూతకు ఒక గుణము కలదు. అది గోడలోని తేమను బయటికి పోనిచ్చును. సిమెంటు పోనివ్వదు. పైగా సిమెంటు పాత ఇటుకకంటె గట్టిది. ఎండకు వానకు గోడ కొంచెము సాగును, కొంచెము ముడుచుకొనును. మెత్తని పూత దానితో కదలును. గట్టి పూత కదలక, బీటలిచ్చి, ఆ బీటలద్వారా నీటిని లోనికి పిలిచి, ఆ నీటిని మరల బయటికి పోనీయక ఇటుకను చంపును. మా పడమటి గోడకు జరిగినది ఇదియే.

ఈ సంగతి మాకు ఇంజనీర్ల కంటె సులువుగా చెప్పినవాడు మా ఊరి వృద్ధ మేస్త్రీ. మేము తిరిగివచ్చి పెచ్చూడిన గోడ చూపగా అతడు ఉప్పును వ్రేలితో గీరి, "గోడకు సుత చెమట పోస్తది సారూ. చెమట పోసే ఒంటికి మీరు రెగ్జిన్ అంగీ తొడిగిండ్రు. ఇగ అది ఏం చెయ్యాలె?" అనెను. మాలో ఎవరికిని జవాబు లేకపోయినది.

పని వరుస

బయటి గోడల మరమ్మతులో వరుస తప్పరాదని తెలిసికొంటిమి. ఇటువంటి భవనములున్న ఇతర సంఘములకు ఉపయోగపడునని ఆ వరుస ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట పైకప్పు, తూములు. పైనుండి నీరు దిగుచుండగా గోడకు పూత వేయుట చిల్లికుండకు రంగు వేసినట్లే. రెండవది, గోడ మొదటనుండి నీరు దూరముగా పారునట్లు నేల వాలు సరిచేయుట. మూడవది మొక్కలు. వాటిని పట్టి పెరికిన గోడయే ఊడివచ్చును గనుక, కోసి, వేరు చచ్చునట్లు మందు పెట్టి, ఎండిన తరువాతనే తీయవలెను. నాలుగవది బీటల పరీక్ష. బీటకు అడ్డముగా సన్నని గాజుపలక అతికించి కొన్ని నెలలు చూడవలెను. గాజు పగిలిన గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. అప్పుడు పునాది సంగతి చూడక పైపూత జోలికి పోరాదు. అయిదవది, పాత పూతలో సున్నమెంత, ఇసుకయెంత అని పరీక్ష చేయించుట. ఆరవది, సిమెంటు అతుకులను ఉలితో చిన్నగా తీయుట. ఏడవది, పోయిన ఇటుకల స్థానములో అదే కొలత ఇటుకలను సున్నముతో పొదుగుట. ఆ తరువాతనే పూత. ఒక్కొక్క పూతకు మధ్య వ్యవధి, పూతపై తడి గోనెపట్టలు, ఎండ తగులకుండ నీడ. చివరకు సున్నపు వెల్ల. ప్లాస్టిక్కు రంగులు వేసిన మరల రెగ్జిన్ అంగీ తొడిగినట్లే.

బాగుగా ఉన్న పాత పూతను ముట్టరాదు. పోయినంతవరకే క్రొత్తది వేయవలెను. ముసలివారి ముఖముపై ముడుతలు తీసివేసిన వారిని మనుమలు గుర్తింపలేరు గదా.

పొరుగూరి సాక్ష్యము, మన సాక్ష్యము

కోఠీ భవనమునకు అమెరికా సంస్థ వచ్చినది, ప్రభుత్వము వచ్చినది, మనకెవరు వత్తురని కొందరు అనవచ్చును. మనకు పొరుగుననే కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోట కలదు. అందులో పూర్వపు సంస్థానాధీశుల మేడలును, మహాదేవుని ఆలయమును ఉన్నవి. ఆ కుటుంబమువారే పూనుకొని, స్థానికుల చేతిపనితో ఏండ్లతరబడి దానిని బాగుచేయించిరి. 2022లో యునెస్కోవారు ఆసియా పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దోమకొండ కోటకు మెరిట్ పురస్కారమిచ్చిరి. పల్లెటూరి మేస్త్రీల సున్నపు పని ప్రపంచము ఎదుట నిలిచినదని దీని అర్థము.

ఇక మన మెదకు మహాదేవాలయము సంగతి చెప్పనక్కరలేదు. 1914లో కరవుకాలమున చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఆకలిగొన్నవారికి ఊరక అన్నము పెట్టక, పనియిచ్చి అన్నము పెట్టుటకు తలపెట్టిన కట్టడమది. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, సుమారు 175 అడుగుల గోపురము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. రాళ్లు మోసినవారిలో మన తాతలు, అవ్వలు ఉన్నారు. వారు అక్షరము రానివారు గనుక ఏ పుస్తకములోను వారి పేర్లు లేవు. వారు వ్రాసిన చరిత్ర ఆ గోడయే.

ఒక సంగతి గమనింపుడు. 1924లో ప్రతిష్ఠ జరిగినను ఆ దేవాలయపు మూడు పెద్ద అద్దాల కిటికీలు ఒక్కసారి రాలేదు. ఆరోహణపు కిటికీ 1927లో, జననపు కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చినవి. నడుమ ఒక ప్రపంచయుద్ధము జరిగినది, ఒక ప్రభుత్వము పోయి మరియొకటి వచ్చినది. అయినను పని ఆగిపోయినదని ఎవరును చేతులు ముడుచుకొనలేదు. కోఠీకి ఇరువది యేండ్లు, మెదకు కిటికీలకు ముప్పదియొక్క యేండ్లు. మన బంగళా గోడ ఈ క్రిస్మసునకే పూర్తికావలెనని తొందరపడుటయే మన మొదటి తప్పు.

మేము చేసినది

తిరిగివచ్చి కమిటీకి మేము పెద్ద అంచనా ఏదియు సమర్పింపలేదు. పడమటి గోడలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు స్థలము మాత్రము ఇమ్మని అడిగితిమి. 2024 చలికాలములో వృద్ధ మేస్త్రీయు, అతని మనుమడును ఆ మేర సిమెంటును చెక్కి, ఇటుకలను అనేకసార్లు నీటితో కడిగి ఉప్పు తీసి, డంగు సున్నముతో మూడు పూతలు వేసిరి. గానుగ లేదు గనుక రోట నూరిరి. కరక్కాయలు సంఘపు స్త్రీలు దంచియిచ్చిరి. పడగొట్టుదమన్న యువకులలో ఇద్దరు గోనెపట్టలు తడుపుటకు ఉదయము సాయంత్రము వచ్చిరి. మొదట నవ్వులాటకు వచ్చిరి, తరువాత ఆ గోడ తమదే అన్నట్లు కావలి కాసిరి.

2025 వానకాలము గడిచినది. ఆ అతుకుపై ఉబ్బు లేదు, ఉప్పు లేదు. ప్రక్కనున్న సిమెంటు మాత్రము మరియొక పెచ్చు విడిచినది. ఒక్క వానకాలము చూచి గెలిచితిమని చెప్పుట అవివేకము. సున్నపు పనికి కూలి ఎక్కువ, దినములు ఎక్కువ అనునదియు దాచము. ఆ పని తెలిసిన చేతులు కూడ మన ఊళ్లలో వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే మిగిలినవి. మా మేస్త్రీకి డెబ్బది దాటినవి. అతడున్నప్పుడే అతని మనుమడును, మరి ఇద్దరును ఈ పని నేర్చుకొనకున్న, తరువాత సొమ్ము ఉండియు చేయువాడు ఉండడు.

అందుచేత మేము కమిటీ ఎదుట పెట్టిన మాట ఒక్కటే. ఏడాదికి ఒక గోడ. ఆ గోడకు తగిన కానుక మాత్రమే ఎత్తుదము. ఆ పనిలో ఇద్దరు పిల్లలకు మేస్త్రీపని నేర్పుదము. మండపము కావలసినవారు ప్రక్కన ఖాళీస్థలములో కట్టుకొనవచ్చును. ఈ మాటపై నిర్ణయము ఇంకను జరుగవలసియున్నది. ఓటు ఎటు పోవునో మేము చెప్పలేము. పడగొట్టుదమని సంఘము నిశ్చయించిన మేము లోబడుదుము. అయితే పడగొట్టుటకు ఒక్క దినము చాలుననియు, మరల కట్టుట ఎన్ని దినములకును సాధ్యము కాదనియు ఓటువేయుటకు ముందు ప్రతివారును తలంచవలెనని కోరుచున్నాము.

కోఠీ నుండి తిరిగివచ్చునప్పుడు అక్కయ్యగారు గేటువద్ద వెనుకకు తిరిగి ఆ స్తంభములను మరల ఒకసారి చూచిరి. "నేను చదివిననాడు ఇవి ఇట్లే ఉండెను. నా మనుమరాలు చూచినను ఇట్లే ఉండును" అనిరి. మన బంగళా వరండాలో పలక పట్టిన మేమును అంతకంటె ఎక్కువ ఆశించుటలేదు.